ఎముక నమిలిన ఆవు

మా బొల్లావు ఎముక నములుతుండగా మొదట చూసింది నేనే. అరవై ఏడో సంవత్సరం, మాఘం వెళ్ళిపోతున్న రోజులు. పేడ ఏరుకుందామని ఊరికి పడమటనున్న బీడులోకి వెళ్ళాను. ఆవు మందలోంచి విడిపోయి, మెడ చాచి, తాంబూలం వేసుకున్న ముసలమ్మలా ఒక పక్క దవడతో ఏదో నములుతోంది. గడ్డి నమిలితే అంత చప్పుడు రాదు. దగ్గరికెళ్ళి చూద్దును కదా, నోట్లోంచి జానెడు ఎముక బయటికి వచ్చి ఉంది. ఏ గొడ్డుదో, ఎండకి తెల్లబడినది.

నేను కేక పెట్టలేదు. ఎముక లాగి పారెయ్యలేదు. చుట్టుపక్కల ఎవరైనా ఉన్నారేమోనని మాత్రం చూశాను. ఎందుకంటే అప్పటికి నెల రోజులుగా నేను వంటింటి గోడ సున్నం గోళ్ళతో గోకి తింటున్నాను. నాకప్పుడు ఐదో నెల. తినకపోతే నాలుక పీకేసేది. అత్త చూస్తే చీపురు తిరగేస్తుందని తలుపు చాటున నిలబడి తినేదాన్ని. ఆవు నాకేసి చూసింది, నేను ఆవుకేసి చూశాను. ఇద్దరం దొరికిపోయినట్టే అనిపించింది. పేడ గంప ఎత్తుకుని వచ్చేశాను. ఎవరికీ చెప్పలేదు.

అత్త అంటే పరాయిది కాదు, మా నాన్న తోడబుట్టిన జగ్గమ్మ, ఊళ్ళోవాళ్ళకి జగ్గప్ప. శ్రీకూర్మం పక్కనున్న మా ఊరినుంచి నన్ను తన కొడుకు సూరయ్యకి చేసుకుంది. సూరయ్యని నేను పెళ్ళికి ముందూ బావ అనేదాన్నే, పెళ్ళయ్యాకా బావ అనేదాన్నే. మామ ఎప్పుడో పోయాడు. కోపం వచ్చినా ముద్దు వచ్చినా అత్తకి ఒకటే గొంతు. ఆ గొంతు వినబడితే ఊళ్ళో మగాళ్ళు కూడా దారి తప్పుకునేవారు.

వరసగా రెండో ఏడు వాన ఎగ్గొట్టింది. వరి ఊడ్చిందే లేదు. చోడి, అదే రాగి, జానెడు లేచి మాడిపోయింది. గరివిడి కంపెనీలో బరువులు మోసే పని దొరికితే బావ అక్కడే ఉండిపోయి ఆదివారం ఆదివారం వచ్చేవాడు. ఎద్దుల జతని నాగావళి కాలవ కింద ఉన్న ఆడపడుచు ఊరికి తోలేశాం, అక్కడైతే గడ్డి దొరుకుతుందని. బొల్లావు మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. చూడి ఆవు, అంత దూరం నడవలేదు.

ఆ ఆవు ఈనడం మా ఇంటికి ఎంత కావాలో చెప్పాలి. ముందటేడు నాకు ఆడపిల్ల పుట్టింది. నాకు పాలు పడలేదు. అప్పుడు ఇంట్లో పాడి లేదు. పిల్ల మూడో నెల దాటలేదు. ఈసారి బొల్లావు జ్యేష్ఠంలో ఈనుతుంది, నేను ఆషాఢంలో కంటాను. నాకు పడ్డా పడకపోయినా ఆవు పాలు ఉంటాయి. బావ వచ్చిన ప్రతి ఆదివారం ఇంట్లోకి రాకుండా ముందు పశువుల శాలలోకి వెళ్ళేవాడు. ఆవు పొట్ట మీద అరచెయ్యి వేసి కాసేపు నిలబడేవాడు. తర్వాత నా దగ్గరికి వచ్చేవాడు. నాకు రోషంగా ఉండేది.

విచిత్రం ఏమిటంటే బీడులో గడ్డి లేదని అనడానికి లేదు. ఉంది. చీపురుపుల్లల్లా, మోకాలెత్తున నిలబడే ఉంది. పశువులు పొద్దస్తమానం తినేవి. పొట్టలు నిండుగా ఉండేవి. అయినా వెన్నుపూసలు లెక్కపెట్టొచ్చు. బొల్లావు లేచేటప్పుడు ముందు కాళ్ళ మీద మోకరిల్లి, మూలిగి, రెండో ప్రయత్నానికి గానీ లేచేది కాదు. పేడ కూడా పిడకకి అతకకుండా పొడిపొడిగా రాలిపోయేది.

ఎముకల సంగతి దాచినా దాగలేదు. చైత్రంలో ఒక పొద్దున్న నూతి దగ్గర నీళ్ళకోసం పది మందిమి కూర్చుని ఉన్నాం. ఊరి పశువుల్ని కాసే గంగులు కర్ర భుజాన వేసుకుని వచ్చాడు. వయసు మళ్ళినవాడు, ఎవరికీ చెడు తలపెట్టేవాడు కాదు. అయితే నోట్లో మాట ఆగదు.

"జగ్గప్పా, మీ బొల్లావు ఎముకలు తింతన్నాది," అన్నాడు.

నూతి దగ్గర ఎవరూ చేద వెయ్యలేదు.

"ఏటి కూసినావు?" అంది అత్త.

"కూసీదేటి? నా కళ్ళతోటి సూసినాను. దిబ్బకాడికి లాక్కెళ్ళిపోతన్నాది. కొట్టినా రాదు."

దిబ్బ అంటే చచ్చిన గొడ్లని ఈడ్చుకెళ్ళి పడేసే చోటు. బీడుకి ఆ కొసన ఉంది. చర్మాలు ఒలుచుకున్నాక మిగిలింది కాకులకీ కుక్కలకీ వదిలేసేవారు. ఆ ఏడు దిబ్బ మీద కాకులు లేని రోజు లేదు.

"ఓలమ్మ! ఆవు ఎముకలు తినడమేటి, ఏం కాలం ఇది!" అంది పక్కింటి మరిడమ్మ, చెవులు మూసుకుని.

"రేపు ఈనితే ఆ పాలు పసిగుంటకి ఎలాగ ఎడతావు జగ్గప్పా?" అంది ఇంకొకామె.

అత్త సగం నిండిన బిందె ఎత్తుకుని ఇంటికి వచ్చేసింది. ఆవిడ జవాబు చెప్పకుండా రావడం నేనెప్పుడూ చూడలేదు. ఆ సాయంత్రం ఆవు రాగానే పసుపునీళ్ళతో మూతి కడిగింది. అసిరమ్మ తల్లికి ముడుపు కట్టింది. ఎద్దులు గుంటక లాగేటప్పుడు పైరు తినకుండా మూతికి కట్టే చిక్కం ఒకటి అటక మీద ఉంటే దింపి, తాడు మార్చి, ఆవు మూతికి బిగించింది.

"ఇంటికాడ గడ్డేసినప్పుడు ఇప్పుతాను. బీడులోకెళ్తే మాత్రం సిక్కం ఉండాల," అంది.

"అలాగైతే బీడులో ఏటి తింటాది అత్తా?" అన్నాను.

"గాలి తింటాది. నీకెందుకే? పరువు పోయినాక పాలెందుకు?"

అలా అందే గానీ, మర్నాడు వసారా కప్పు మీద గడ్డి పీకి ఆవు ముందు వేసింది. రెండేళ్ళ పాత బోదగడ్డి, పొగచూరి నల్లబడింది. ఆవు మూతి తిప్పుకుంది. అత్త దాన్ని కుడితిలో నానబెట్టి, తన చేత్తో నోటికి అందించింది. వైశాఖం వచ్చేసరికి వసారా మీద వాసాలు తప్ప ఏమీ మిగల్లేదు.

నా మనసులో మాత్రం చిక్కం ముడి బిగుసుకుంటూనే ఉంది. ఆవు సాయంత్రం వచ్చి కట్టుగొయ్యకి మూతి రాసుకునేది. చిక్కం కంతల్లోంచి నాలుక చాపి గోడ నాకేది, రాయి నాకేది, నా చీర కొంగు నాకేది. తాడు ఒరుసుకుని ముక్కు మీద పుండు పడింది. నన్నెవరైనా గోడ దగ్గరికి పోకుండా చేతులు కట్టేస్తే ఎలా ఉంటుందో నాకు తెలుసు. నాకు కోపం వచ్చేది. అత్త మీద, నూతి దగ్గర ఆడవాళ్ళ మీద, అందరి మీదా. పరువంట! పస్తులుండే ఊళ్ళో పరువొకటా అనుకునేదాన్ని.

ఒక మంగళవారం అత్త రామతీర్థం వెళ్ళింది, కొడుకు బిడ్డ కోసం మొక్కుకోవడానికి. గంగులు మందని తోలుకుపోతూ మా గుమ్మం ముందు ఆగాడు. నేను ఆవు తలుగు విప్పాను. విప్పి, చిక్కం కూడా విప్పేశాను.

"జగ్గప్ప సెప్పినాదా?" అన్నాడు గంగులు.

"సెప్పినాది. నువ్వు తోలు," అన్నాను.

ఒక్క పూట అనుకున్నాను. ఆవు తల ఒకసారి విదిలించి నడిచిందంటే, చూడిది కదా అనిపించనంత చురుగ్గా నడిచింది. నాకు ఆ రోజంతా సంతోషంగా ఉంది. పాట కూడా పాడుకున్నాను. సాయంత్రం అత్త రాకముందే ఆవు వచ్చింది. మూతి నుంచి ఒక రకం వాసన వేసింది. కడిగేసి చిక్కం కట్టేశాను.

శుక్రవారం ఆవు నడకలో తేడా వచ్చింది. వెనక కాళ్ళు ఒకదానికొకటి తగులుకుంటున్నాయి. శనివారం పొద్దున్న లేవలేదు. అత్త తోక పట్టుకుని, నేను నడుం కింద గోనె దూర్చి ఎత్తాం. లేచి రెండడుగులు వేసి కూలబడింది. చొల్లు కారిపోతోంది. నాలుక బయటికి వచ్చేసింది, మళ్ళీ లోపలికి తీసుకోలేకపోతోంది. అత్త గంజి పోస్తే పోసినట్టే పక్కనుంచి కారిపోయింది. కళ్ళు మాత్రం చక్కగా ఉన్నాయి. మమ్మల్ని ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తోంది.

ఆదివారం పొద్దున్న బావ వచ్చాడు. శాలలోకి వెళ్ళినవాడు వెళ్ళినట్టే బయటికి వచ్చి, చీపురుపల్లి పరిగెత్తాడు. మధ్యాహ్నానికి పశువుల ఆసుపత్రి కంపౌండరుని సైకిలు వెనక ఎక్కించుకుని తెచ్చాడు. నారాయణమూర్తి గారని, బక్కపల్చటి మనిషి. ఆవు నాలుక పట్టి లాగాడు, అది ఎదురు లాగలేదు. పొట్ట మీద చెవి పెట్టాడు. లేచి, చేతులు కడుక్కోవడానికి నీళ్ళు అడిగాడు. ఆ అడగడంలోనే మాకు అర్థమైపోయింది.

"కుళ్ళిన మాంసం అంటుకున్న ఎముక ఎక్కడో నమిలింది. దాంట్లో విషం పుడుతుంది. మూడు నాలుగు రోజుల కిందటే అయి ఉండాలి," అన్నాడు.

"మూతికి సిక్కం ఉంటాది కదండీ. ఎలా నములుతాది?" అన్నాడు బావ.

వాకిట్లో నిలబడ్డ గంగులు కర్ర ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "మంగళవారం సిక్కం లేకుండానే వచ్చినాది బాబూ, మందలోకి," అన్నాడు.

బావ మా ఇద్దరి వైపూ తిరిగాడు.

"ఎవులు తీసినారు?"

నా నాలుక పైకి లేచింది. నిజం, లేచింది. ఇంతలో అత్త, ఆవు గంగడోలు నిమురుతున్న చెయ్యి ఆపకుండానే, "నానే," అంది. "పుండు పడిపోనాదని ఇప్పినాను. రామతీర్థం ఎళ్తూ ఇప్పేసి ఎళ్ళినాను."

గంగులు నాకేసి చూశాడు. నోట్లో మాట ఆగని మనిషి ఆ రోజు ఆపుకున్నాడు.

బావ అరవలేదు. అరిస్తే బాగుండేది. "ముందటేడు గుంటని మట్టిలో ఎట్టినాం. మళ్ళీ అదే పని సెయ్యాలని ఉందా నీకు?" అన్నాడు తల్లితో. అత్త చెయ్యి అప్పుడు ఆగింది.

కంపౌండరు ఇబ్బందిగా కదిలాడు. "ఎవరినీ అనకయ్యా. ఈ చుట్టుపక్కల పది ఊళ్ళలో ఇదే గొడవ," అన్నాడు. తర్వాత అత్త వైపు తిరిగి, ఆవిడకోసం నెమ్మదిగా చెప్పాడు. "అమ్మా, ఇది పాపం కాదు, దయ్యమూ కాదు. మీ బీడులో గడ్డి ఉంది గానీ గడ్డిలో సారం లేదు. ఎముకకి కావలసిన ఉప్పులు నేలలో ఉంటాయి. నీళ్ళలో కరిగితేనే వేరు వాటిని తాగగలదు. రెండేళ్ళు వాన లేకపోతే నేలది నేలలోనే ఉండిపోతుంది, గడ్డిలోకి ఎక్కదు. చూడి ఆవు కడుపులో దూడకి తన ఎముకలు కరిగించి పెడుతుంది. తనవి తరిగిపోతుంటే బయట ఎముకలు వెతుక్కుంటుంది."

"మరి సిక్కం కట్టడం తప్పేనా బాబూ?"

"కట్టడం మంచిదే. కట్టి, దానికి కావలసింది వేరేగా పెట్టాలి. మా దగ్గర ఎముకల పొడి ఉంటుంది. ఉప్పూ, తవుడూ కలిపి రోజూ పెడితే దిబ్బవైపే చూడదు."

"మాకెవులు సెప్పినారు బాబూ?" అంది అత్త.

ఆయన, ఆవు పోయాక దిబ్బ మీద పడెయ్యొద్దని, లోతుగా గొయ్యి తీసి పూడ్చమని, లేకపోతే దీని ఎముకలు ఇంకో ఆవు నములుతుందని చెప్పి వెళ్ళిపోయాడు.

బొల్లావు ఆ సాయంత్రం పొద్దు వాలుతుండగా పోయింది. పోయాక కూడా పొట్టలో దూడ కదిలింది. నా చెయ్యి దాని మీదే ఉంది. అదే సమయంలో నా కడుపులో కూడా కాలు తన్నింది. నేను చెయ్యి తీసేసుకున్నాను.

గొయ్యి మా మెట్ట చేలోనే తీశారు. నేల రాయి కట్టుకుపోయి ఉంది, గునపం వేస్తే నిప్పురవ్వలు లేచాయి. సోమవారం పనికి వెళ్ళడం మానేసి బావ ఒక్కడే తవ్వుతున్నాడు. అత్త రెండో గునపం పట్టుకుని వెళ్ళింది.

"నువ్వు ముట్టుకోకు," అన్నాడు.

అత్త గునపం అక్కడే పెట్టి వెనక్కి వచ్చింది. అంబలి చేసి నా చేతికి ఇచ్చి పంపింది. బావ ముంత వంక చూసి, "ఎవులు కాసినారు?" అన్నాడు. నేను చెప్పాను. "అమ్మ సేతి కూడు నాకొద్దని సెప్పు," అని ముంత పక్కకి పెట్టాడు.

నేను ఇంటికి వచ్చి అత్త ముందు నిలబడ్డాను.

"నాను సెప్పేస్తాను అత్తా. ఇప్పుడే ఎళ్ళి సెప్పేస్తాను."

"నోరుముయ్యే."

"నీకు తెలుసా, నానే ఇప్పినానని?"

"తెలవదేటి? నా ముడి నాకు తెలవదా?" అంది. పొయ్యి ముందు కూర్చుని, నిప్పులు వెనక్కి లాగుతూ చెప్పింది. "నాను ఆడికి తల్లిని. ఎన్నాళ్ళు మాటాడడు? పంట కోతకి మాటాడతాడు. నువ్వు ఆడితో బతకాల. ఇంకో గుంట కడుపులో ఉన్నాది. ఈ మాట ఆడి సెవిన పడితే నీ మొగం ఎప్పుడు సూసినా ఆడికి ఆవే కనబడతాది. మాటాడకు."

నేను మాట్లాడలేదు. నాకు తోచలేదని, అత్త ఆపిందని ఎన్నైనా చెప్పుకోవచ్చు. అసలు సంగతి ఏమిటంటే నాకు హాయిగా అనిపించింది. బరువు వేరేవాళ్ళ నెత్తికి ఎక్కింది కదా అని హాయిగా అనిపించింది. ఇప్పటికీ నన్ను నేను క్షమించుకోనిది అదొక్కటే.

మర్నాటినుంచి అత్త ఒక పిడతలో సున్నం కలిపి, తేరిన నీళ్ళు చెంచాడు మజ్జిగలో పోసి నాకు ఇచ్చేది. మజ్జిగ మరిడమ్మ ఇంటినుంచి అడిగి తెచ్చేది. పరువంటూ ఊగిపోయిన మనిషి ముంత పట్టుకుని గుమ్మాలు ఎక్కింది.

"తాగు. గోడ గోకక్కర్లేదు," అంది మొదటి రోజు.

నేను తల దించుకున్నాను. ఎప్పటినుంచి తెలుసో అడగలేదు.

చోడి అంబలి పైన తేరింది తాను తాగేది, అడుగున ఉన్న చిక్కటిది నాకు పెట్టేది. నేను చూస్తానని ముందే తాగేసి మూతి తుడుచుకునేది. బావ ఆదివారాలు వచ్చేవాడు. నూకలు తెచ్చి నా చేతిలో పెట్టేవాడు. నేను వండితేనే తినేవాడు. తల్లి ఎదురైతే గోడకేసి చూస్తూ పక్కనుంచి వెళ్ళిపోయేవాడు. అత్త ప్రతి ఆదివారం పొద్దున్నే తలకి నూనె రాసుకుని, దువ్వుకుని కూర్చునేది. సాయంత్రానికి లేచి, ఖాళీ శాల ఊడ్చేది.

ఆషాఢంలో వాన పడింది. మూడు రోజులు వదలకుండా పడింది. నాలుగో రోజుకి బీడంతా పచ్చబడిపోయింది, ఇన్నాళ్ళూ ఎక్కడ దాక్కుందో అన్నట్టు. ఆ వారంలోనే నాకు ఆడపిల్ల పుట్టింది. నాకు పాలు పడ్డాయి. పిల్ల తాగలేక ఉక్కిరిబిక్కిరయ్యేంతగా పడ్డాయి. అత్త చూసి, పెద్దగా నవ్వి, వెంటనే ఏడ్చింది. ఆ చిక్కటి అంబలి ఎవరి వంతుదో నాకు తెలుసు.

బావ వచ్చాడు. అత్త పిల్లని తెచ్చి అతని ఒళ్ళో పెట్టి, "నీ బాబు ముక్కు వచ్చినాదిరా," అంది. బావ పిల్లని అందుకున్నాడు. తల ఎత్తలేదు. అత్త దుక్కికి ఎద్దుల్ని ఎప్పుడు తెస్తావని అడిగింది. బావ పిల్ల వేళ్ళు ఒక్కొక్కటీ విప్పి చూసుకుంటూ ఉండిపోయాడు. ఆ రోజైనా చెప్పవలసింది నేను. పిల్ల ఒళ్ళో ఉంది, ఆయన మొహంలో ఏడాది తర్వాత నవ్వు ఉంది. ఆ నవ్వు పోగొట్టడం ఇష్టంలేక ఊరుకున్నాను.

పిల్లకి ఇరవయ్యో రోజున అత్తకి జ్వరం వచ్చింది. ఆ తడిలో ఊళ్ళో సగం మందికి వచ్చింది, అందరికీ తగ్గింది. ఈవిడ ఒంట్లో జ్వరం తినడానికి కూడా ఏమీ లేదు. మూడో రోజు పొద్దున్నే పోయింది. పోయే ముందు నన్నేమీ అనలేదు, కొడుకుని ఒకసారి అడిగింది. "ఇయ్యాల ఆదివారమేటే?" అంది. బుధవారమని చెప్పలేకపోయాను. అవునన్నాను.

గంగులు గరివిడి వెళ్ళి బావని తీసుకొచ్చేసరికి మధ్యాహ్నమైంది. వచ్చి గుమ్మంలో నిలబడిపోయాడు. తర్వాత గుమ్మానికి తల బాదుకోవడం మొదలుపెట్టాడు. "ఒక్క మాట మాటాడలేదే. మూడు నెల్లు అమ్మా అని పిలవలేదే," అని ఏడుస్తున్నాడు. మరిడమ్మా వాళ్ళూ పట్టుకోబోతే విదిలించేశాడు.

పిల్లని మరిడమ్మ చేతికి ఇచ్చి నేను ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. అందరూ ఉన్నారు. ఉన్నా చెప్పాను.

"సిక్కం నాను ఇప్పినాను బావా. అత్త కాదు."

ఆయన ఏడుపు ఆగిపోయింది. నా మొహంలోకి చూశాడు. కొడతాడనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను. కొట్టలేదు. నన్ను దాటుకుని వెళ్ళి, వాళ్ళమ్మ తల దగ్గర చతికిలబడి, ఆవిడ చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"అమ్మా, ఆకలేస్తన్నాది," అన్నాడు. "ఇంత అంబలి ఎట్టే."